ఇద్దరూ, రెండు బ్యాగులు, వియత్నాం తీరం: హనోయి నుంచి సైగాన్ దాకా ఎలా వెళ్లాలి

"ప్యాకేజీ టూర్ వద్దు, ఇద్దరమే వెళ్దామనుకుంటున్నాం. వియత్నాంలో ఎక్కడ మొదలుపెట్టి ఎక్కడ ఆపాలి?" ఈ ప్రశ్న మళ్లీ మళ్లీ వస్తోంది కాబట్టి, మొదటి పని నుంచి చివరి పని దాకా వరుసగా రాస్తున్నాను.

ముందుగా ఒక్క సూత్రం. పగటి ప్రయాణం ఏదీ ఆరు గంటలు దాటకూడదు. మధ్యలో దిగిన ఏ ఊళ్లోనూ రెండు రాత్రులకు తగ్గకూడదు. ఆలుమగలు కలిసి వెళ్లిన ప్రయాణాలు చెడేది డబ్బు చాలకో, ఊరు నచ్చకో కాదు. నిద్ర లేక, రోజూ బ్యాగు సర్దలేక, తెల్లవారుజామున నాలుగింటికి తెలియని రోడ్డు మీద దిగి గది తలుపు కొట్టలేక చెడతాయి. కింద చెప్పేవన్నీ ఈ సూత్రం చుట్టూ అల్లినవే.

1. ముందు నెల, తర్వాతే టికెట్

వియత్నాం పొడవైన దేశం. ఉత్తరాన ఎండగా ఉన్న రోజే మధ్య తీరంలో వాన కురుస్తుంటుంది. తీరమంతా ఒకే ప్రయాణంలో చూడాలంటే అన్నిటికన్నా అనువైన కాలం మార్చి, ఏప్రిల్. హనోయిలో చలి తగ్గుతుంది, మధ్య తీరం పొడిగా ఉంటుంది, దక్షిణాన వానలు ఇంకా మొదలు కావు.

మన సెలవులతో పోల్చి చూసుకోండి:

- దసరా సెలవులు: ఈ దారికి పనికిరావు. సెప్టెంబరు నుంచి డిసెంబరు దాకా మధ్య తీరంలో వానలు, తుపానులు. 2025 అక్టోబరు చివర హ్యూ, హోయి ఆన్ నీట మునిగాయి. నవంబరులో న్యా ట్రాంగ్ వైపు కూడా వరదలొచ్చి రైళ్లు ఆగిపోయాయి.
- సంక్రాంతి సెలవులు: హనోయిలో చలి, మధ్య తీరంలో సముద్రం అల్లకల్లోలంగా ఉంటుంది. పైగా వాళ్ల కొత్త సంవత్సరం 'టెట్' దగ్గర పడుతుంది. 2027లో అది ఫిబ్రవరి 6న. దానికి వారం ముందు, వారం తర్వాత రైలు బెర్తు దొరకడం కష్టం, చిన్న హోటళ్లు చాలా మూసేస్తారు.
- వేసవి సెలవులు: మే నుంచి ఆగస్టు దాకా మధ్య తీరం బాగుంటుంది, ఎండ మాత్రం గట్టిగా ఉంటుంది. సైగాన్‌లో సాయంత్రాలు వాన. ఏప్రిల్ 30, మే 1 అక్కడ జాతీయ సెలవులు కాబట్టి ఆ వారం తప్పించండి.

2. వీసా, విమానం

2023 ఆగస్టు 15 నుంచి అన్ని దేశాలవాళ్లకూ 90 రోజుల ఈ-వీసా ఇస్తున్నారు. ఒకసారి ప్రవేశానికి 25 డాలర్లు, పలుసార్లు ప్రవేశానికి 50 డాలర్లు. ప్రభుత్వ వెబ్‌సైటు చిరునామా 'ఈవీసా డాట్ గవ్ డాట్ వీఎన్'. దాన్ని పోలిన ఏజెంటు సైట్లు సెర్చిలో పైన కనిపిస్తాయి, చిరునామా చూసుకుని తెరవండి. ప్రయాణానికి మూడు వారాల ముందు దరఖాస్తు చేస్తే నిశ్చింత.

మన పేర్లతోనే చిక్కు. ఇంటిపేరు, తండ్రి పేరు, సొంత పేరు అన్నీ కలిసి పొడవుగా ఉంటాయి. కొందరి పాస్‌పోర్టుల్లో సర్‌నేమ్ గడి ఖాళీగానే ఉంటుంది. పాస్‌పోర్టు ఫోటో పేజీ అడుగున రెండు వరుసల కోడ్ ఉంటుంది చూడండి, పేరును దానితో అక్షరం అక్షరం సరిపోల్చండి. ఒకరిది ఇంకొకరు సరిచూడండి. ఎవరి తప్పు వాళ్ల కంటికి కనపడదు. తప్పుంటే విమానం దగ్గరే ఆపేస్తారు, కట్టిన ఫీజు తిరిగి రాదు.

విమానం టికెట్లు రానూపోనూ ఒకే ఊరికి తీసుకోవద్దు. వెళ్లేది హనోయికి, తిరిగొచ్చేది హో చి మిన్ సిటీ నుంచి. అందరూ సైగాన్ అనేది దీన్నే. హైదరాబాద్ నుంచి 2025లో నేరుగా విమానాలు మొదలయ్యాయి. మీ తేదీకి ఉన్నాయో లేదో చూసుకోండి.

- ఇద్దరి వీసాలూ ముద్రించి, రెండేసి కాపీలు
- ఇద్దరి పాస్‌పోర్టు ఫోటోలు ఇద్దరి ఫోన్లలోనూ
- ప్రయాణ బీమా
- తిరుగు టికెట్, మొదటి రెండు రాత్రుల గది రసీదు

పెళ్లి సర్టిఫికెట్ అడుగుతారా అని చాలామంది సంకోచిస్తూ అడుగుతారు. విదేశీ జంటను హోటళ్లలో సాధారణంగా అడగరు. పాస్‌పోర్టులు మాత్రం ఇద్దరివీ తీసుకుని పోలీసు రిజిస్టరులో నమోదు చేస్తారు, అది వాళ్ల చట్టం.

3. దారి గీసుకోండి

ఇరవై రాత్రులు దొరికితే నా లెక్క ఇది:

- హనోయి: 2 రాత్రులు
- రాత్రి రైలు: 1
- హ్యూ: 2
- హోయి ఆన్: 4
- క్వి న్యోన్: 3
- న్యా ట్రాంగ్: 2
- ఫాన్ రాంగ్: 2
- ముయ్ నే: 2
- సైగాన్: 2

పన్నెండు రాత్రులే ఉంటే అన్నిచోట్లా ఒక్కో రాత్రి కోసేయకండి. హనోయి 1, రైలు 1, హ్యూ 2, హోయి ఆన్ 3, క్వి న్యోన్ 3, సైగాన్ 2. క్వి న్యోన్ నుంచి సైగాన్‌కు విమానం. మిగిలిన ఊళ్లు ఈసారికి వదిలేయండి.

మ్యాప్‌లో ఒక తికమక ఎదురవుతుంది. 2025 జులై 1న 63 రాష్ట్రస్థాయి విభాగాలను కలిపి 34 చేశారు. క్వి న్యోన్ ఇప్పుడు జియా లై కింద, ముయ్ నే లామ్ డాంగ్ కింద, ఫాన్ రాంగ్ ఖాన్ హోవా కింద, హోయి ఆన్ డా నాంగ్ నగరం కింద ఉన్నాయి. గది బుకింగ్‌లో జియా లై, లామ్ డాంగ్ లాంటి కొండ ప్రాంతం పేరు కనిపించిందని కంగారు పడకండి. ఊరి పేరు, వీధి పేరు సరిపోతే చాలు.

4. రెండు బ్యాగులు, రెండూ సమానం

ఒక్కో బ్యాగు 8 కిలోలు దాటనివ్వకండి. ఒకే పెద్ద బ్యాగులో ఇద్దరి సామానూ పెట్టి ఆయన భుజానికెత్తితే నాలుగో రోజుకే ఆ నడుము పట్టేస్తుంది, ఆ బాధ మాటల్లోకి వస్తుంది.

కలిపి ఒక్కటే చాలినవి: మందుల సంచి, టూత్‌పేస్ట్, సన్‌స్క్రీన్, చార్జర్, తాళం. ఎవరివి వాళ్ల దగ్గరే ఉండాల్సినవి: పాస్‌పోర్టు, ఒక బ్యాంకు కార్డు, సగం నగదు, ఒక పూట బట్టలు.

- నాలుగు జతలు చాలు. ప్రతి ఊళ్లోనూ కిలోల లెక్కన బట్టలుతికి ఇచ్చే షాపులుంటాయి.
- భుజాలు, మోకాళ్లు కప్పే జత ఒకటి, గుడులకు
- పలుచని వానకోటు, రాత్రి రైలు ఏసీకి శాలువా
- ఓఆర్‌ఎస్, విరేచనాల మందు, దోమల క్రీము
- శానిటరీ ప్యాడ్లు ఎక్కడైనా దొరుకుతాయి. టాంపన్, కప్పు వాడేవాళ్లు ఇక్కడి నుంచే తీసుకెళ్లాలి.
- కందిపొడి, కారప్పొడి ప్యాకెట్లు. తెల్లన్నం వీధివీధినా దొరుకుతుంది కాబట్టి, పొట్ట మొరాయించిన రోజున వీటి విలువ తెలుస్తుంది.

మన గుండ్రటి రెండు పిన్నుల ప్లగ్ అక్కడ పడుతుంది, లావు మూడు పిన్నులది పట్టదు.

5. డబ్బు

రూపాయికి సుమారు 300 డాంగ్‌లు. ధర విన్నప్పుడు వెనక మూడు సున్నాలు కొట్టేసి మూడున్నరతో హెచ్చవేయండి. లక్ష డాంగ్‌లంటే సుమారు 350 రూపాయలు. చాలా ఊళ్లలో శుభ్రమైన డబుల్ గది మూడు నుంచి ఐదు లక్షల డాంగ్‌లకు దొరుకుతుంది.

20,000 నోటు, 500,000 నోటు రెండూ నీలమే. చీకట్లో టాక్సీ దిగేటప్పుడు జరిగే పొరపాటు ఇదే. ఐదు లక్షల నోట్లను పర్సులో వేరే అరలో పెట్టండి. చిల్లర ఒకరి దగ్గర, పెద్ద నోట్లు ఇంకొకరి దగ్గర ఉంచుకుంటే ఇంకా మేలు.

మన యూపీఐ మీద ఆశ పెట్టుకోవద్దు. మడత పడని డాలర్ నోట్లు కొన్ని, విదేశీ లావాదేవీ రుసుము తక్కువున్న కార్డులు రెండు, అవీ వేర్వేరు బ్యాంకులవి. ఏటీఎం ప్రతిసారీ రుసుము కోస్తుంది కాబట్టి చిన్న మొత్తాలు పలుమార్లు తీయకండి.

6. రైలు పట్టండి, రాత్రి బస్సు వదలండి

హనోయి–సైగాన్ రైలు మార్గం 1,726 కిలోమీటర్లు. చాలాచోట్ల తీరం వెంటే సాగుతుంది. బేసి సంఖ్య రైళ్లు (ఎస్‌ఈ1, ఎస్‌ఈ3) దక్షిణానికి, సరి సంఖ్యవి ఉత్తరానికి. దక్షిణానికి వెళ్తుంటే సముద్రం ఎడమచేతి వైపు. పగటి రైలుకు సీటు ఎంచుకునేటప్పుడు ఈ ఒక్కటి గుర్తుంటే చాలు.

టికెట్లు రైల్వే సొంత సైటు 'డీఎస్‌వీఎన్ డాట్ వీఎన్'లో దొరుకుతాయి. మన కార్డు పడకపోతే పట్టుబట్టి కూర్చోకండి. హనోయి స్టేషన్ కౌంటర్‌కు పాస్‌పోర్టులు తీసుకెళ్లి రాబోయే అన్ని మజిలీలకూ ఒకేసారి కొనేయండి. రాత్రి రైలుది మాత్రం ముందే చేతిలో ఉండాలి.

సాఫ్ట్ స్లీపర్ అంటే తలుపున్న గదిలో నాలుగు బెర్తులు. హార్డ్ స్లీపర్‌లో ఆరు. ఆరింటిలో అన్నిటికన్నా పైది చవకే కానీ అక్కడ నిటారుగా కూర్చోలేరు. ఇద్దరూ ఎదురెదురు కింది బెర్తులు తీసుకోండి. కిటికీ మధ్యలో ఉంటుంది, ఇద్దరికీ దక్కుతుంది. పెట్టె చివర వేడినీళ్లు దొరుకుతాయి. బండిలో అమ్మే భోజనంలో మాంసం లేనిది అరుదు, శాకాహారులు తిండి వెంట తీసుకెళ్లాలి.

ఇక స్లీపర్ బస్సులు. ఎక్కేటప్పుడే చెప్పులు విప్పి సంచిలో పెట్టుకోవాలి. బెర్తులు మూడు వరుసలు, కాళ్లు ఒక పెట్టెలాంటి దానిలో దూర్చాలి. ఐదడుగుల ఎనిమిదంగుళాలు దాటినవాళ్లు చాపుకోలేరు. బస్సే తప్పనిసరైతే పగటిపూటది చూడండి, లేదా ఇద్దరికి కలిపి తెర వేసిన క్యాబిన్ ఉండే బస్సు అడగండి.

7. మజిలీ మజిలీకి చేయాల్సినవి

హనోయి. పాత బస్తీలో గది. మొదటి రోజు పనులే పెట్టుకోండి: సిమ్ (వియెట్టెల్ అయితే చిన్న ఊళ్లలోనూ బాగా అందుతుంది), గ్రాబ్ యాప్ (మన ఓలా, ఊబర్ లాంటిది), రైలు టికెట్లు, డబ్బు. రెండో రోజు తిరగండి. మూడో రోజు సాయంత్రం ఏడు, పది మధ్య దక్షిణానికి రైళ్లు బయల్దేరతాయి. పదమూడు, పధ్నాలుగు గంటల్లో హ్యూ. ఆరు గంటలు దాటే ప్రయాణం ఇదొక్కటే, అదీ రాత్రిపూట.

హ్యూ. బౌద్ధ సంప్రదాయం బలంగా ఉన్న ఊరు, శాకాహారులు ఇక్కడ కడుపునిండా తినొచ్చు. కోట చూడటానికి ఉదయం ఎనిమిదికే వెళ్లండి. లోపల నీడ తక్కువ.

హ్యూ నుంచి డా నాంగ్. ఈ మూడు గంటల లోపు ప్రయాణాన్ని బస్సులో చేయకండి, అది సొరంగంలోంచి వెళ్లిపోతుంది. రైలు హాయ్ వాన్ కొండను చుట్టుకుంటూ పోతుంది. లాంగ్ కో ఉప్పునీటి కయ్య దాటాక బండి నెమ్మదిస్తుంది. వంపు తిరిగేటప్పుడు మీ కిటికీలోంచే ముందున్న ఇంజిను కనిపిస్తుంది, దాని కింద చెట్లు, చెట్ల కింద అలలు. ఎడమ సీటు దొరక్కపోతే పెట్టెల మధ్య తలుపు దగ్గర నిలబడండి. పొగమంచు లేని ఉదయం రైలైతే మరీ మంచిది.

హోయి ఆన్. ఇక్కడ స్టేషన్ లేదు. డా నాంగ్‌లో దిగి 30 కిలోమీటర్లు కారులో వెళ్లాలి. గది పాత ఊరికీ ఆన్ బాంగ్ బీచికీ మధ్య తీసుకోండి, రెండింటికీ సైకిలు మీద వెళ్లొచ్చు. పాత ఊరి టికెట్టు విదేశీయులకు 1,20,000 డాంగ్‌లు. బట్టలు కుట్టించుకోవాలంటే మొదటి రోజే కొలతలివ్వండి, చివరి రోజు ఇస్తే సరిచేసే వ్యవధి ఉండదు. ఒక ఉదయం 'మీ సన్' అనే పాత గుడుల సముదాయానికి కేటాయించండి. అవి పూర్వం ఈ తీరాన్ని ఏలిన చామ్ రాజుల శివాలయాలు. తెల్లవారగానే వెళితే టూరు బస్సులు రాకముందు చూసేయొచ్చు.

క్వి న్యోన్. దారిలో నాకు అన్నిటికన్నా ఇష్టమైనది. జనం తక్కువ, చేప తాజా, ధర అందుబాటులో. డా నాంగ్ నుంచి ఆరు గంటల లోపు. మెయిన్‌లైన్ రైళ్లు ఊళ్లోకి రావు, పది కిలోమీటర్ల దూరంలోని 'జియెవ్ ట్రీ' స్టేషన్‌లో ఆగుతాయి. టికెట్టు మీద ఆ పేరే చూసుకోవాలి.

న్యా ట్రాంగ్. పెద్ద బీచి నగరం. పో నగర్ గుడి, ఒక పూట సముద్రం చాలు.

ఫాన్ రాంగ్. చాలామంది దాటేసి వెళ్లిపోతారు, మీరు దిగండి. స్టేషన్ పేరు 'థాప్ చామ్'. అక్కడికి నడిచే దూరంలోనే కొండ మీద పో క్లోంగ్ గరాయ్ గుడి. లోపల ముఖలింగం ఉంది, చామ్ ప్రజలు ఇప్పటికీ పూజిస్తారు. చెప్పులు విప్పే వెళ్లాలి. ఈ ప్రాంతం దేశంలోకెల్లా వాన తక్కువ పడేది, నీళ్ల సీసా లేకుండా కదలొద్దు.

సాయంత్రం వీధి చివర మట్టి మూసలు పెట్టుకుని 'బాన్ కాన్' పోసేవాళ్ల దగ్గర కూర్చోండి. బియ్యప్పిండి జారుగా గుంటల్లో పోసి, బుల్లి మట్టి మూతలు పెట్టి, అంచులు కరకరలాడగానే చెంచాతో లేపుతారు. అచ్చం మన గుంతపొంగనాలే. గుడ్డుతో అడగొచ్చు, ఏమీ వేయకుండానూ అడగొచ్చు. పక్కన ఇచ్చే పులుసు మాత్రం చేపనీళ్లదే, అంటే ఫిష్ సాస్‌దే.

ముయ్ నే. మెయిన్‌లైన్ రైళ్లు 'బిన్ థువాన్' స్టేషన్‌లో ఆపుతాయి, అక్కడి నుంచి కారు. ఇసుక తిన్నెలకు తెల్లవారుజామునే వెళ్లాలి. ఎనిమిది దాటితే ఇసుక కాలుతుంది. నవంబరు నుంచి మార్చి దాకా గాలి ఎక్కువ, ఈతకు అనువు కాదు. సైగాన్‌కు ఇక్కడి నుంచి బస్సే మేలు. 2023లో ఎక్స్‌ప్రెస్‌వే వచ్చాక ప్రయాణం బాగా తగ్గింది.

8. తిండి దగ్గర నాలుగు మాటలు

శాకాహారానికి 'చాయ్' అంటారు. 'తోయ్ అన్ చాయ్' అంటే నేను శాకాహారిని అని తెలుస్తుంది. పలకడం తేడా వస్తే ఫోన్‌లో రాసి చూపించండి. చాయ్ అని బోర్డున్న కొట్లు ప్రతి ఊళ్లోనూ ఉంటాయి. వాళ్ల చాంద్రమాన నెలలో 1, 15 తేదీల్లో ఇంకా ఎక్కువ తెరుస్తారు. మామూలు కొట్లో కూరగాయల వేపుడులో కూడా చేపనీళ్లు పడతాయి, అది మీకు అభ్యంతరమైతే చాయ్ కొట్టుకే వెళ్లండి.

మాంసాహారుల్లో గొడ్డుమాంసం తిననివాళ్లు 'బో' అన్న మాట గుర్తుపెట్టుకోవాలి. ఫో బో, బున్ బో హ్యూ రెండింట్లోనూ అదే. కోడి 'గా'. పంది ఉత్తరాన 'లోన్', దక్షిణాన 'హేవ్'.

9. బండి, సముద్రం

అద్దె స్కూటరు ఎవరైనా ఇస్తారు, లైసెన్సు అడగరు కూడా. అయినా ఆగండి. మన ఆర్టీఓ ఇచ్చే అంతర్జాతీయ పర్మిట్టు 1949 జెనీవా ఒప్పందం కిందిది, వియత్నాం గుర్తించేది 1968 వియన్నా ఒప్పందం కిందిది. ప్రమాదం జరిగితే బీమా కంపెనీ చేతులెత్తేయడానికి అదొక్కటి చాలు. వెనక కూర్చున్న మనిషి ఆసుపత్రి ఖర్చు కూడా మీ నెత్తిన పడుతుంది. గ్రాబ్ కారు, సైకిలు, డ్రైవరుతో బండి, ఇవే మీ దారులు. గ్రాబ్ బైక్ మీద ఒక్కరినే ఎక్కించుకుంటారు, ఇద్దరికి రెండు పిలవాలి.

బీచిలో ఎర్రజెండా ఉంటే మోకాలి లోతుకు కూడా దిగొద్దు. ఇద్దరిలో ఒకరికే ఈత వస్తే ఒడ్డున లైఫ్‌గార్డ్ ఉన్నచోటే స్నానం.

పోలీసు 113, అగ్నిమాపకం 114, అంబులెన్సు 115. భారత రాయబార కార్యాలయం హనోయిలో, కాన్సులేట్ సైగాన్‌లో ఉన్నాయి.

10. ఇద్దరి మధ్య

బయల్దేరకముందే పనులు పంచుకోండి. ఒకరు టికెట్లు, దారి. ఇంకొకరు గదులు, లెక్కలు. ఊరు మారినప్పుడల్లా మార్చుకోండి. అన్నీ ఒక్కరే మోస్తే రెండో మనిషి అతిథి అయిపోతారు, ఏది చెడినా నింద ఒక్కరి మీదే పడుతుంది.

- ఆకలి వేళ ఏ నిర్ణయమూ వద్దు. ముందు తినండి, తర్వాత గది వెతకండి.
- ఊరు మారిన రోజు ఇంకేమీ చూడాలని పెట్టుకోవద్దు.
- హోయి ఆన్‌లో ఒక పూట ఎవరికి వాళ్లు తిరగండి. రాత్రి భోజనానికి చెప్పుకోవడానికి కొత్త ముచ్చట్లుంటాయి.
- ఒకరికి ఒంట్లో బాగోకపోతే ఒక రాత్రి పొడిగించండి. పోయేది ఒక రైలు టికెట్టే.
- రోజువారీ ఖర్చు పరిమితి ఇంటి దగ్గరే ఒప్పుకోండి. ఇద్దరికీ చెరి కొంత, అడగకుండా ఖర్చు పెట్టుకునే డబ్బు విడిగా ఉండాలి.

11. చివరి రోజు

సైగాన్‌లో ట్రాఫిక్ ఎక్కువ. విమానాశ్రయం ఊళ్లోనే ఉన్నా, అక్కడికి చేరాల్సిన వేళకు గంట ముందే గది వదలండి. అంతర్జాతీయ విమానాలు రెండో టెర్మినల్ నుంచి. గ్రాబ్‌లో టెర్మినల్ పేరు ఎంచుకోకపోతే దేశీయ టెర్మినల్ దగ్గర దింపేస్తారు.

మిగిలిన డాంగ్‌లను అక్కడే డాలర్లుగా మార్చేయండి. మన ఊళ్లో మార్చేవాళ్లు దొరకడం కష్టం, దొరికినా ధర బాగా కోస్తారు.